పడుగు తాగిన పాలగుండ

నా చదువు మూడో తరగతితో సరి. మగ్గం గుంతలోకి దిగితే కాళ్ళు అందుతున్నాయని తేలిన రోజే మా నాయన పలక తీసుకెళ్ళి అటక మీద పెట్టేశాడు. "అయివారికి నీ కాళ్ళతో పనిలేదు. నాకుండాది" అన్నాడు. నేనేమీ ఏడవలేదు. వెనక వరుసలో కూర్చుని ముందు వరుసను నవ్వించడం ఒకటే బడిలో నాకు పట్టుబడిన విద్య, అది అప్పటికే వచ్చేసింది. తర్వాత నగరిలో మా వీధి అంతా నాకు ముందు వరుసే. పెళ్ళి పంక్తిలో నేను లేకపోతే పప్పులో ఉప్పు తక్కువైనట్టు ఉందనేవాళ్ళు. చావింట్లో కూడా, పాడె లేచేలోపల నేను ఒక మాట అనకపోతే, పోయినవాడికి మర్యాద తక్కువైందని సణుక్కున్న ముసలివాళ్ళు ఉన్నారు.

అలాంటివాణ్ణి ఈ ఒక్క సంగతి మాత్రం ఏ అరుగు మీదా చెప్పలేదు. ఇందులో జనం ఎక్కడ నవ్వాలో నాకే తెలియలేదు.

అవి యుద్ధం రోజులు. యుద్ధం ఎక్కడో జరిగేది, మగ్గాలు ఇక్కడ ఆగిపోయేవి. నూలుకు కంట్రోలు, బియ్యానికి కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు. నోటికి మాత్రం కంట్రోలు లేదు గనక నేను బతికాను. నెలల తరబడి నూలు లేక మా మగ్గం గుంతలో కోడి గుడ్లు పెట్టింది. "మన కొంపలో గుంతలో దిగి పని చేసేది అదొక్కటే" అన్నాను మా ఆవిడతో. ఆవిడ మా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచి నా మాటలకు అలవాటుపడినది. నవ్వకుండా ఉండాలని పెదవి బిగబట్టేది, అది నవ్వినదానికంటే ఎక్కువగా కనిపించేది.

ఆ సంవత్సరమే మాకు తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. కానుపు తర్వాత మా ఆవిడకు జ్వరం తగిలి, జ్వరం దిగేటప్పుడు పాలు కూడా తీసుకుని పోయింది. మేకపాలు పడితే బిడ్డ కక్కేది. ఆవుపాలు పడితే విరేచనాలు. రాగి నీళ్ళు కడుపులో నిలిచేవి కావు. పురిటి వాసన పోకముందే పిల్ల కాళ్ళు కండెపుల్లల్లాగా అయిపోయాయి.

అప్పుడు మా అత్త ఒక మూట కట్టుకుని రైలు దిగింది. వాళ్ళదీ మగ్గం ఇల్లే. మామండూరు దగ్గర కొండ కింద ఉండేవాళ్ళు. మామ పోయాక, నూలు దొరకడం మానేశాక, మగ్గం కట్టిపెట్టి అత్త కొండకు పోయి పుల్లలు, గడ్డలు తెచ్చుకుని కాలం గడిపేది. ఆ మూటలో ఉన్నది పాలగుండ.

పాలగుండ అంటే ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. కొండల్లో ఎవరూ నాటకుండా మొలిచే మొక్క. ఆకు చూస్తే పసుపు మొక్క అనుకుంటారు, తవ్వి గడ్డ చూస్తే అల్లానికి చెల్లెలు అనుకుంటారు. తొలి వాన పడగానే నేలను ఆనుకుని గులాబీ రంగు పూలకంకి, దాని వెంట ఆకు లేస్తాయి. చలికాలానికి ఆకంతా ఎండి రాలిపోతుంది. అప్పుడు తవ్వాలి. ఆ గడ్డను గరుకు రాతి మీద అరగదీసి, నీళ్ళలో కలిపి, గుడ్డలో వడగట్టి కదలకుండా పెడితే అడుగున సున్నంలాగా తెల్లటి పిండి దిగుతుంది. ఎండబెడితే అదే పాలగుండ. వేడి నీళ్ళలో కలియబెడితే చిక్కబడి గాజులాగా మెరుస్తుంది. ఏదీ ఇమడని కడుపులో కూడా అది ఇముడుతుంది.

ఇమిడింది. పాలగుండ గంజిలో ఒక గుక్క మేకపాలు కలిపి ఉగ్గుగిన్నెతో పడితే బిడ్డ కక్కలేదు. వారం తిరిగేసరికి ఏడుపులో బలం వచ్చింది. ఆ ఏడుపు విని మా అత్త, "అల్లుడా, నోరు నీదే వచ్చిండాది, సందేహం లేదు" అంది.

"ఇంకేం, బడి మానిపిద్దాం" అన్నాను.

నాలుగైదు నెలలకు బుగ్గలు కూడా వచ్చాయి. నేను మాట్లాడుతుంటే చెయ్యి చాచి నా కింది పెదవి పట్టుకుని లాగేది. ఈ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని కాబోలు. ఆ కాలంలో నాకు నచ్చిన మాట ఒకటుండేది. వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. "మా ఇంట్లో గంజి తాగి బతికేది ఇద్దరు. ఒకటి పడుగు, ఒకటి పాప. పడుగే నయం, రాత్రిపూట ఏడవదు" అని.

జ్యేష్ఠం వచ్చేసరికి పాలగుండ కుండ అడుగు కనిపించింది. అదే వారం, ఎంతకాలానికో, నూలు వచ్చింది. కష్టమూ సుఖమూ ఒకేసారి వచ్చి గుమ్మంలో ఒకదాన్నొకటి తోసుకున్నాయి. తెల్లటి నూలు చిలపలు తెచ్చి ఇంట్లో పెడితే మా ఆవిడ వాటిని బిడ్డను తడిమినట్టు తడిమింది. నిలువు పోగులు సాగదీసి పడుగు పోశాము. ఇక గంజి పట్టించాలి.

నేత తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. గంజి పట్టని నూలు మగ్గం మీద నిలవదు, అడుగడుగునా తెగుతుంది. ఆ పని ఇంట్లో జరిగేది కాదు. వీధి పొడుగునా కర్రలు పాతి పడుగు చాపాలి. ఒకరు గంజితో తడుపుతూ పోతే, అటూ ఇటూ మనుషులు కుంచెలు పట్టుకుని పోగు పోగునా దువ్వుకుంటూ వెళ్ళాలి. ఎండ ముదిరేలోపల అయిపోవాలి. సగంలో ఆగితే గంజి ఆరి పోగుకు పోగు అంటుకుంటుంది, అప్పుడది పడుగు కాదు, మోకు. ఉన్నది ఒకటే వీధి గనక ఇంటికొక వంతు. ఎవరి వంతు వస్తే వాళ్ళ వాకిట్లోకి తెల్లవారకముందే వీధి మొత్తం కుంచెలతో వచ్చి నిలబడుతుంది. రేపు మీరు వాళ్ళకు పోవాలి. వంతు తప్పితే అందరిదీ అయిపోయేదాకా పడుగు మూలన పడి ఉంటుంది. ఇవి మేము ఒకరికొకరు చెప్పుకునే నియమాలు కావు. పుట్టుకతో ఒంట్లో ఉండేవి.

మా వంతుకు ముందు రోజు నేను మామండూరు రైలెక్కాను. సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పాను. కుండలో ఇంకా కొన్నాళ్ళకు సరిపడా పాలగుండ ఉంది. అది అయిపోయేలోపల కొత్తది ఇంట్లో ఉండాలి కదా.

మా అత్త నన్ను చూడగానే, "ఇప్పుడా వచ్చేది?" అంది. "వాన పడె, ఆకు లేచె. ఆకు లేచినాక గడ్డలో ఏముంటాది, నీ తలకాయ. ఉండిందంతా ఆకే తినేసుంటాది."

"నీ దగ్గర పొడి లేదా?"

"ఉండిందంతా నీ కూతురికే ఇస్తి. నా కోసరం పెట్టుకుంటినా?"

అయినా ఊరుకోలేదు, పార తీసుకుంది. కొండకు ఉత్తరం పక్క, ఎండ తగలని లోయలో ఆకు ఆలస్యంగా లేస్తుందని ఆమె ఆశ. నా ఆశ ఆమె ఆశను పట్టుకుని వేలాడుతోంది. ఎక్కుతున్నంతసేపూ నన్ను తిడుతూనే ఉంది. మగ్గంవాడి కాళ్ళు తొక్కడానికే గాని ఎక్కడానికి పనికిరావని, వెనక్కి చూస్తే అల్లుడు కాకుండా తాబేలు వస్తున్నట్టుందని. నేనూ ఊరుకోలేదు. "తాబేలయితే నెత్తిన ఇల్లన్నా ఉంటాది అత్తా, నాకు అదీ బాడుగదే" అన్నాను. ఆమె ఆగి నవ్వింది. ఆ కొండ మీద మేమిద్దరం నవ్వుకున్న మాట నాకు బాగా గుర్తు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య అలాంటి నవ్వు మళ్ళీ పుట్టలేదు.

లోయలో కూడా ఆకు జానెడు లేచింది. అయినా తవ్వాము. గడ్డలు చేతికి మెత్తగా తగిలాయి. మా అత్త ఒకదాన్ని విరిచి చూసి సంచిలో వేసింది. తిట్టకపోవడం చూసి నాకు మొదటిసారి భయం వేసింది. దిగేసరికి వాన పట్టుకుంది, రైలు పోయింది. మర్నాడు సాయంత్రానికి గాని ఇల్లు చేరలేకపోయాను.

వీధిలోకి తిరగగానే ఎదురింటి పెద్దాయన అరుగు మీది నుంచి పిలిచాడు.

"యాడికి పొయినావప్పా, వంతు పెట్టుకొని? నీ పెండ్లాము ఒంటిచేత్తో జరిపించింది. పడుగు సూడుపో, ఈ వీధిలో అట్లా పడుగు లేదు."

ఇంట్లోకి వెళితే పడుగు చుట్టి దూలానికి వేలాడదీసి ఉంది. తెల్లగా, నునుపుగా, కొత్త పెళ్ళికూతురి జడలాగా ఉంది. మా ఆవిడ గోడకు ఆనుకుని బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పాలగుండ కుండ కడిగి బోర్లించి ఉంది.

నేను కుండను చూడటం ఆమె చూసింది.

"నూకలు చాల్లేదు బావా" అంది. "పట్టెడు నూకలకే నీళ్ళు పోసి పోసి కాస్తి. గంజి నీళ్ళయిపాయె. సగం పడుగు కూడా తడవలా. ఎవరింట్లో అడిగినా గింజ లేదు. అందరూ కుంచెలు పట్టుకొని నా మొగమే సూస్తాండారు. ఎండ వస్తాండాది. ఇంగ ఏం జేసేది?" బోర్లించిన కుండ వైపు చూసి, "నువ్వు తెస్తావు గదా అనుకుంటి" అంది.

"తెచ్చినా" అని సంచి చూపించాను.

ఆ మాటకు ఆమె మొహం తేరుకోవడం నేను చూశాను. అది చూడకుండా ఉంటే బాగుండేది.

పొద్దు ఉండగానే ఇద్దరం కూర్చుని గడ్డలన్నీ కడిగి, అరగదీసి, గుడ్డలో వడగట్టి, పెద్ద ఇత్తడి బేసిన్లో మూల పెట్టాము. అది కదలకూడదని మా ఆవిడ ఆ గదిలో మెత్తగా అడుగులు వేసింది. నన్ను తుమ్మనివ్వలేదు. మర్నాడు పొద్దున పైనీళ్ళు ఒక బిందెలోకి కొంచెం కొంచెంగా వంచాను. మామూలుగా అయితే అడుగున వేలు దిగబడేంత తెల్లటి పిండి పేరుకుని ఉండాలి. నీళ్ళన్నీ వంచితే, ఇత్తడి అడుగున మా మొహాలు కనిపించాయి. అంచున మాత్రం చంటిపిల్ల చొంగ ఆరినట్టు ఒక తెల్లటి గీత.

"ఇంగొంచెం సేపు ఉండనిస్తే దిగేదేమో. నువ్వు తొందరపడి వంచేస్తివి" అంది మా ఆవిడ.

వంచిన నీళ్ళను ఆ బిందెలోనే మళ్ళీ కదలకుండా పెట్టాము. మధ్యాహ్నం దాకా పక్కనే కూర్చున్నాము. నీళ్ళు తేటగా, ఊట నీళ్ళలాగా ఉన్నాయి.

ఆ గీతను వేలితో గీకి తీస్తే ఒక పూటకు వచ్చింది. తర్వాత వీధి వీధంతా తిరిగాను. ఒక ముసలమ్మ తన మందుకని దాచుకున్న చెంచాడు పాలగుండ ఇచ్చింది. తిరుపతిలో మూలికల అంగడివాడి దగ్గర పొట్లం కొనుక్కొచ్చాను. అది నీళ్ళలో వేస్తే మెరవలేదు, ముద్ద కట్టింది. ఏ పిండి కలిపాడో, బిడ్డ దాన్ని తాగలేదు. ఇక రాగి నీళ్ళే గతి. పలుచగా, గుడ్డలో వడగట్టి, ఉప్పు గల్లు వేసి పట్టాము. మొదటి రోజు ఉంచుకుంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. మర్నాటి నుంచి విరేచనాలు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మా ఆవిడ బిడ్డను భుజాన వేసుకుని పడుగు కింద నిలబడి ఉంది. తల ఎత్తి దాన్నే చూస్తోంది.

"బావా, దీన్ని నానబెడితే గంజి బయటికొస్తాదా?" అంది.

మామూలుగా అయితే అలాంటి మాట నాది. ఆమె నా వంతు తీసుకుందేమోనని మొహం చూశాను. ఎగతాళి కాదు. నేను జవాబు చెప్పేలోపలే కత్తెర తెచ్చి పడుగు కొసలు జానెడు కోసింది. నేతవాడి ఇంట్లో పుట్టిన ఆడది పోసిన పడుగుకు కత్తెర పెట్టడం అంతకు ముందు నేను చూడలేదు, వినలేదు. ఆ పోగుల్ని వేడి నీళ్ళలో వేసి పిసికింది. నీళ్ళు కాస్త తెల్లబడ్డాయి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నూలు వాసన, వీధి మట్టి వాసన, ఇంతమంది కుంచెల వాసన. గిన్నె కింద పెట్టేసింది. దాన్ని బిడ్డకు పట్టలేదు.

పుత్తూరు డాక్టరు దగ్గరికి బండిలో తీసుకుపోయాము. ఆయన మంచివాడు, ఒక సీసా ఇచ్చి చెంచాతో తాగించమన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో బిడ్డ కళ్ళు తెరిచి ఎద్దుల గంటల వైపు చూసింది. ఇంటికి చేరేసరికి చూడటం మానేసింది. మా ఆవిడ ఒళ్ళోంచి నేను తీసుకోబోతే, "నిద్రపోతాండాది, లేపొద్దు" అంది. ఎదురింటి పెద్దాయన భార్య వచ్చి తీసుకుంది.

ఆ పొద్దు జనం నా మొహం చూశారు, అలవాటు కొద్దీ. నా నోట మాట పడలేదు.

ఇంతా జరిగాక పడుగు దూలానికి అలాగే ఉంది. షావుకారు దగ్గర లెక్కకు తెచ్చిన నూలు, బట్టగా అప్పగించాలి. నేను దాని జోలికి పోలేదు. కర్మాలు అయిన తర్వాత ఒక పొద్దున లేచి చూస్తే మా ఆవిడ దాన్ని దించి పోగులు అతుకుతోంది. తాను కోసిన కొసలు పోను మిగిలిన చోట నుంచి, ఒక్కొక్క పోగే మెలిపెట్టి.

"గమ్మునుండరాదా, నేను సూసుకుంటా" అన్నాను.

"నేస్తావా లేదా?" అంది.

నేశాను. నేను గుంతలో, ఆమె రాట్నం దగ్గర. ఆమె కండెలు చుట్టి అందిస్తుంటే నేను నాడె విసిరాను. ఎక్కడన్నా తెగితే ఆ వంకన లేచి బయటికి పోదామని చూశాను. ఒక్క పోగు తెగలేదు. నా నేత అంతటిలో అంత బాగా నడిచిన పడుగు అదొక్కటే.

బట్ట తీసుకోవడానికి షావుకారు తానే ఇంటికి వచ్చాడు. మడత విప్పి, వెలుతురుకు పట్టి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఏమప్పా, ఈ తూరి గంజి ఏం పెట్టినారు? బట్ట పాలమాదిరి ఉండాదే. ఇంగ మీదట ఇదే పెట్టు."

మా ఆవిడ గడప దగ్గర నిలబడి ఉంది. ఎవరేం అడిగినా నాకు జవాబు తడుముకోవలసిన పని ఉండేది కాదు. అప్పుడు తడుముకున్నాను. "ఇంట్లో ఉండిందే పెట్టినాము" అన్నాను. ఆయన మెచ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

వాకిలి ఖాళీ అయ్యాక ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. అడగాలని ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నదల్లా అప్పుడు బయటికి వచ్చింది.

"ఆ పొద్దు నువ్వు ఇంట్లోనే ఉండుంటే, పాలగుండ పొయ్యొద్దనుందువా?"

"లేదు" అన్నాను. "నేనూ పోసుందును."

ఆమె నా మొహంలోకి చూసింది. ఎగతాళి చేసేటప్పుడు నా కళ్ళ పక్కన ఏదో గుర్తు కనిపిస్తుందట, చిన్నప్పుడే కనిపెట్టానని ఎప్పుడో చెప్పింది. ఇప్పుడు ఆ గుర్తు కోసమే వెతుకుతోంది. నేను మొహం కదలనివ్వకుండా కూర్చున్నాను. అదే తప్పు అయిందేమో, అలా కూర్చోవడం నా పద్ధతి కాదు.

"నా కోసరం చెప్తాండావు" అంది.

"నిజంగానేమే."

"నువ్వు అన్నిటికీ నిజంగానే అంటావు" అని లేచి వెళ్ళింది.

నేను నిజమే చెప్పాను. ఆ వీధిలో, ఆ ఎండ పొడలో, అంతమంది కుంచెలు పట్టుకుని నిలబడి ఉండగా, సగం తడిసిన పడుగు కళ్ళముందు ఆరిపోతుంటే, నేనే కాదు, మా నాయన ఉన్నా కుండ తెచ్చి పోసేవాడే. సాయంత్రానికి కొత్తది వస్తుందని తెలిసినవాడు ఇంకా ముందే పోసేవాడు. ఈ మాట రకరకాలుగా చెప్పి చూశాను. కోపంగా చెప్పాను, బిడ్డ మీద ఒట్టు పెట్టి చెప్పాను. వీధి వీధిని నమ్మించగలిగిన నోరు ఇంట్లో ఒక్క మనిషిని నమ్మించలేకపోయింది.

మాకు తర్వాత బిడ్డలు పుట్టారు, పెరిగారు. ఆమెకు పాలు పడ్డాయి. మగ్గం అమ్మేశాము. ఎప్పుడన్నా, ఇద్దరమే ఉన్నప్పుడు, సంబంధం లేని మాటల మధ్య అడిగేది. "ఉండుంటే వద్దనుందువా?" అని. నేను అదే జవాబు చెప్పేవాణ్ణి. ఆమె చూసేది, తల తిప్పుకునేది.

పోయే ముందు వారం కూడా అడిగింది. మంచంలో ఉంది, గొంతు సరిగా రావడం లేదు. నేను దగ్గరికి జరిగి నోరు తెరిచాను.

"పోసుందునంటావు. తెలుసులే" అని అటు తిరిగి పడుకుంది.